వంపు దగ్గర ఆగే చూపు

చేవెళ్ల, మొయినాబాద్ అంటే టమాటా, క్యారెట్, గులాబీ, చామంతి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లను కాపాడేందుకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు అడ్డుపడింది. అందుకే ఇక్కడ పెద్ద ఫ్యాక్టరీలు తక్కువ. ఫోర్క్‌లిఫ్టులు చూడాలంటే శంషాబాద్, కొత్తూరు వైపు గోడౌన్లకు పోవాలి. అక్కడ షిఫ్టు మొదలయ్యే ముందు మంచి ఆపరేటర్ బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు. ఊరికే పచార్లు చేస్తున్నట్టుంటుంది గానీ, అది పనితనం ఉన్న తిరుగుడు.

ముందు నేల చూస్తాడు. రాత్రంతా నిలిచిన చోట నూనె తడి ఉందా, ఉంటే ఏ భాగం కింద? బండి కదిలిస్తే ఆ ఆనవాలు చెదిరిపోతుంది. హోస్ పైపు మీద అనుమానం వస్తే చేత్తో తడమడు, అట్టముక్క అడ్డం పెడతాడు. సన్నని చిల్లులోంచి ఒత్తిడితో చిమ్మే నూనె చర్మంలోకి దిగిపోతుంది మరి. టైర్లు, నట్లు చూడటానికి ఎంతోసేపు పట్టదు.

బరువెత్తే ఫోర్కుల దగ్గర మాత్రం ఆగుతాడు. నిలువు భాగం అడ్డంగా తిరిగే వంపు దగ్గరే బరువంతా పడుతుంది, నేలకు రాసుకుని అరిగేదీ అక్కడే. నిలువు భాగం పెద్దగా అరగదు కాబట్టి దాని మందమే అసలు కొలత. కాలిపర్‌ను ముందు అక్కడ పెట్టి, తర్వాత వంపు దగ్గర పోలుస్తారు. 40 మిల్లీమీటర్లు 36కు వస్తే ఫోర్కును పక్కన పెట్టాల్సిందే. పోయింది పదో వంతు మందమేగా అనిపిస్తుంది. కానీ వంగకుండా నిలిచే బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే దాదాపు ఐదో వంతు బలం పోయినట్టు.

ఫోర్కులను పైకి లాగే చైను ఇంకా గడుసుది. లోపలి పిన్నులు అరిగినా పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. పొడవు కొలిస్తేనే దొరుకుతుంది: 300 మిల్లీమీటర్లు ఉండాల్సిన ముక్క 309 అయితే మార్చాలి. బిగువు చూడటానికి కర్రతో నొక్కుతాడు, ఫోర్కులు ఎక్కి దిగే నిలువు చట్రం, అంటే మాస్ట్ లోపలికి చెయ్యి పోనివ్వడు.

దసరాకు బండి కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం మన అలవాటు. ఆ పూలు మొయినాబాద్ తోటలవే కావచ్చు. భక్తి సంగతి ఎలా ఉన్నా గ్రీజు వదిలాక వెల్డింగు పగుళ్లు బయటపడతాయి. నన్నడిగితే ఆ కడుగుడు నెలనెలా ఉండాలి.

ఆ తర్వాత సీటెక్కి బెల్టు, హారను, బ్రేకు, రివర్స్ బజర్ చూసుకుంటాడు. చివరికి కాగితం. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 29వ సెక్షన్లో, బరువులెత్తే యంత్రాలను 12 నెలలకోసారైనా అర్హుడైన వ్యక్తితో క్షుణ్ణంగా పరీక్ష చేయించమనేది. అమెరికా నిబంధన రోజూ చూడమంటుంది, రాత్రింబగళ్లు నడిచే బండినైతే ప్రతి షిఫ్టు తర్వాతా చూడాలి. ఏడాది పరీక్ష ఎంత లోతైనదైనా నిన్న సాయంత్రం గోడకు తగిలి వంగిన ఫోర్కు దానికి తెలియదు.

చెక్‌లిస్టులో అన్నీ ఒకే వాలులో టిక్కులుంటే నాకు నమ్మకం కుదరదు. “ఎడమ ఫోర్కు కొన దిగింది” అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఎవరో నిజంగా వంగి చూశారని తెలుస్తుంది. మీటరు పొడవు ఫోర్కుల కొనల మధ్య ఎత్తు తేడా 30 మిల్లీమీటర్లు దాటితే తాళంచెవి తీసి, స్టీరింగుకు “వాడరాదు” చీటీ కట్టాలి. “ఈ ఒక్క లోడూ దించెయ్” అని సూపర్‌వైజరు తొందరపెట్టినా ఆ చీటీ విప్పకూడదు.