‘స్వ’ అను కట్టు

ఆచార్య హజారీప్రసాద్ ద్వివేది (1907–1979) వ్రాసిన ‘నాఖూన్ క్యోం బఢ్‌తే హైఁ’ (గోళ్ళెందుకు పెరుగును) అను వ్యాసము ‘కల్పలత’ సంపుటములోనిది. హిందీ పాఠ్యపుస్తకముల కెక్కినది. పాఠ్యపుస్తకముల కెక్కిన రచన కొక ఆపద కలదు. పరీక్షకు పనికివచ్చు ముక్క నిలిచి, తక్కినది మరపున పడును. ఈ వ్యాసమున అట్లు నిలిచిన ముక్క యేదన, గోరు పశుత్వమునకు గుర్తనియు, దానిని కత్తిరించుకొనుట మనుష్యత్వమనియు. ఇంతమాత్రమే యైనచో అది బాలశిక్షకు చాలు. పెద్దలు మరల చదువ నక్కరలేదు. సంప్రదాయపక్షమున నిలిచి నేటి రాజకీయమును, చట్టమును, విజ్ఞానమును విమర్శింపగోరు వారికి మన భాషలలో ఇంతకంటె మేలైన వాదము నాకు కనబడలేదు. ఆ పక్షము వారికే ఇందులో గట్టి మందలింపు కూడ ఉన్నది. దానిని వారు చదివినట్లు తోచదు.

కథ చిన్నది. చిన్నకూతురు ఒకనాడు, గోళ్ళెందుకు పెరుగునని తండ్రి నడిగినది. తండ్రికి జవాబు తోచలేదు. ఆ తోచకపోవుటయే వ్యాసమయినది. అడవిమనుష్యుని ఆయుధమైన గోరునుండి దధీచి ఎముకలకు, ఇనుమునకు, తుపాకికి, చివరకు అణుబాంబునకు ఆలోచన నడచును. గోరు రాలిపోలేదు, రూపు మార్చుకొన్నదని సారాంశము. ఇంత భయంకరమైన మాటకు నడుమ వాత్స్యాయనుని కాలపు విలాసులు వచ్చుదురు. మైనముతోను లత్తుకతోను గోళ్ళకు నునుపును ఎరుపును తెచ్చుకొనుట, గౌడులకు పొడుగు గోళ్ళు, దాక్షిణాత్యులకు పొట్టి గోళ్ళు ఇష్టమగుట మొదలైన ముచ్చట లుండును. దాక్షిణాత్యులము గనుక మనము ఇచట కొంచెము నవ్వుకొనవచ్చును. బరువైన మాటను చేతులూపుచు గాక, అరుగుమీద కూర్చుండి చెప్పినట్లు చెప్పుట ఈయన పద్ధతి.

వ్యాసమునకు ప్రాణము ఒక పదమును గూర్చిన విచారము. 1947 ఆగస్టు 15వ తేదీని ఆంగ్లపత్రికలు ‘ఇండిపెండెన్స్’ అనినవి. దేశభాషాపత్రికలు ‘స్వాధీనత’ అనినవి. ఆంగ్లపదమునకు సరియగు అర్థము ‘అనధీనత’, అనగా ఎవరికిని లోబడకుండుట. మనవారు దానిని విడిచి, ‘స్వ’ అను మాటను చేర్చి, తనకు తాను లోబడుట అను అర్థము తెచ్చికొనినారు. ఇది పొరపాటున జరిగినది కాదనియు, తన కట్టును తాను కట్టుకొనవలెనను సంస్కారము పదమునందు పలికినదనియు ద్వివేదిగారి అభిప్రాయము.

ఈ వ్యాసమును తెలుగు చేయబూనినపుడు నా కలము ఆగినది ఇచటనే. మనకు ‘స్వాధీనము’ కలదు గాని దాని బ్రతుకు వేరు. దొంగసొత్తును పోలీసులు స్వాధీనము చేసికొందురు. కోటను సేనలు స్వాధీనము చేసికొనును. ‘స్వాధీనతాదినము’ అని వ్రాసినచో ఎవరో ఎవరిదో లాగికొనిన దినమని పాఠకుడు భ్రమించును. ‘స్వాతంత్ర్యము’ అందమా, అందులోను ‘స్వ’ ఉన్నది, మేలే. కాని అదే కుదురునుండి వచ్చిన ‘స్వతంత్రించుట’ యన్న మాట మన ఇండ్లలో నిందగా వినబడును. పెద్దల నడుగకుండ కుఱ్ఱవాడు ఏదైన చేసినచో “వీడు స్వతంత్రించినాడు” అందురు. స్వేచ్ఛ ఎల్ల దాటునేమో యన్న అనుమానము తెలుగు క్రియయందే దాగియున్నది. ద్వివేదిగారు తెలుగు ఎరిగినచో దీనిని వదలెడివారు కారు. నేను ‘స్వాతంత్ర్యము’ అనియే వేసి, పక్కన ‘తనకు తాను లోబడుట’ అని చేర్చితిని. పోయినది పోయినది.

ఇక ఆ కట్టు ఎట్టిది? పాతది గనుక పట్టుకొని వ్రేలాడుట కాదని ఆయన స్పష్టముగ చెప్పెను. చచ్చిన పిల్లను రొమ్మున కదుముకొని తిరుగు కోతి మనుష్యునకు ఆదర్శము కాజాలదట. పాతదెల్ల మంచిది కాదని కాళిదాసు చెప్పిన మాటను సాక్షిగా తెచ్చును. కబీరుపై 1942లో గ్రంథము వెలువరించినవాడు పాతబాటకు దాసుడగునని అనుకొనుటయు కష్టమే. ఆయనకు సంప్రదాయమన్నది సొత్తు కాదు, నిగ్రహము. నేడు సంప్రదాయము పేర మాటాడువారిలో పెక్కుమందికి అది సొత్తే, ఇతరులనుండి కాపాడుకొనవలసినది. తమ గోరును కత్తిరించుకొనుట అందులో చేరదు.

చట్టము సంగతి చూడుడు. 1976లో 42వ సవరణచే రాజ్యాంగమున పౌరుల మూలకర్తవ్యములు చేర్చబడినవి. మిశ్రసంస్కృతి వారసత్వమును కాపాడుటయు, వైజ్ఞానికదృష్టిని పెంపొందించుకొనుటయు వానిలోనివే. కర్తవ్యమన్న పేరు వినగానే నావంటి వాడు సంతోషింపవలసినదే. కాని అవి చేరిన నాడు దేశము అత్యవసరపరిస్థితిలో ఉండెను. పౌరుని హక్కులను మూటగట్టి, చేతికి కర్తవ్యముల పట్టిక నిచ్చినట్లయినది. ఒకరు వ్రాసి మరియొకరి మెడకు కట్టినది ‘స్వ’ కట్టు కాదు. ఇప్పటికిని ప్రతి అమర్యాదకు ఒక చట్టము కావలెనని ఒక పక్షము, ప్రతి కోరికయు హక్కు కావలెనని మరియొక పక్షము ప్రభుత్వము తలుపు తట్టుచున్నవి. రెండును లోపలి కట్టుమీద నమ్మకము పోయినవారి నడతలే. మొదటి పక్షమువారు నావారు గనుక వారినే ఎక్కువ తప్పుపట్టుచున్నాను.

విజ్ఞానము విషయమున ఆయన అనుమానము ఫలించినదనుట కష్టము కాదు. 2018లో చైనాలో ఒక శాస్త్రజ్ఞుడు జన్యువులను సవరించిన శిశువులు పుట్టిరని ప్రకటించెను. మరుసటి యేట న్యాయస్థానము అతనిని శిక్షించినది. శిక్ష వచ్చునాటికి శిశువులు పుట్టియే యుండిరి. మన దేశము 1974లోను 1998లోను పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపి, ముందుగా ప్రయోగింపమను నియమమును 2003లో తన అణుసిద్ధాంతమున ప్రకటించెను. ఎవరును బలవంతపెట్టకయే కట్టుకొనిన కట్టిది. దీనిని నేను తక్కువగా చూడను. అయినను ద్వివేదిగారి లెక్కలో ఇది కత్తిరించిన గోరు కాదు, పిడికిట మడిచిన గోరు. ఆయుధములు కూడబెట్టుటవలన వచ్చునది ‘సఫలత’, మైత్రివలన త్యాగమువలన కలుగునది ‘చరితార్థత’ అని ఆయన విడదీసెను. అదృష్టవశమున ఈ రెండవ పదము మనకును చుట్టమే.

ఒక్క లోపము మాత్రము నన్ను విడువదు. ఆ ‘స్వ’ ఎవరిది? ఊరి ఆచారమని పేరు పెట్టి, కట్టినవాడొకడు, కట్టుబడినవాడు మరియొకడు అయిన కథ మన గ్రామములలో తరతరములు నడచినది. నీళ్ళబావి దగ్గరికి రానీయబడని వానికి ఆత్మనిగ్రహమును గూర్చి చెప్పుటకు ఏ ముఖము కలదు? అక్కడ గోటిని కత్తిరించినది రాజ్యాంగమున 17వ అధికరణము, 1955 నాటి అస్పృశ్యతానేరముల చట్టము. కత్తిరించినదనుట కూడ కొంత ఆశయే, కత్తిని చేతికిచ్చినవి. లోపలి సంస్కారము తనంతట తాను మేల్కొనునని కాచుకొనియున్నచో ఇంకను కాచుకొనియే యుందుము. కోతి ఉపమానముతో ద్వివేదిగారు ఈ తలుపు వరకు వచ్చి, లోనికి పోలేదు. సంప్రదాయవాది ఈ ప్రశ్నకు జవాబు చెప్పనంత కాలము అతని నిగ్రహవాదమును బలవంతుని సుభాషితముగనే జనులు విందురు. అట్లు వినుట తప్పని నేననలేను.

వ్యాసము చివరిభాగమున ఒక ముసలివాడు వచ్చును. బయట గాక లోపల చూడుడని చెప్పినవాడు, తుపాకిగుండునకు కూలినవాడు. పేరు లేదు. నా వ్రాతప్రతి చూచిన మిత్రుడొకడు, రేపటి పిల్లలకు తెలియవలదా, అడుగున గాంధీజీ అని ఒక్క మాట వేయుమనెను. నాలుగు దినములు ఆలోచించితిని. ఆ పేరు చేర్చిన మరుక్షణము పుటమీద విగ్రహము నిలుచును. పాఠకుడు దండము పెట్టి ముందునకు సాగును. పేరు లేనిచో, చంపబడినది ఎవరో యొక ముసలివాడు. అతడు చెప్పిన మాటను మాత్రము తూచి చూచుకొనవలసివచ్చును. వేయలేదు.