అంగుళం ఖాళీ

సరిగ్గా దమ్ము రోజుల్లోనే మా పాత ట్రాక్టర్ మొరాయించింది. యాక్సిలరేటర్ పెంచితే ఇంజను అరుస్తోంది, కేజీవీల్స్ మాత్రం బురదలో తిరగనంటున్నాయి. వెనకే కమురు వాసన. క్లచ్ ప్లేటు పోయిందని తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు, మార్చడానికి కావాలి.

ప్లేటు ఉండేది ఇంజనుకీ గేరుబాక్సుకీ నడుమ. దాన్ని అందుకోవాలంటే బండిని నడుం దగ్గర విడగొట్టాల్సిందే. ముందు ఇరుసు మధ్య పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది కనక, ఇంజను పక్కకు ఒరిగిపోకుండా మెకానిక్ రెండు వైపులా చెక్క దిమ్మలు బిగించాడు. గేరుబాక్సు కింద జాకీ పెట్టి, బోల్టులు విప్పి, ముందు సగాన్ని మెల్లగా జరిపాడు.

ప్లేటు మీద రివెట్లు తేలిపోయాయి. ఫ్లైవీల్ వేడికి నీలం తిరిగి, గీతలు పడింది. దాన్ని లేతుకు పంపాడు. వెనక ఆయిల్ సీలు దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూశాడు. అక్కడ ఆయిల్ కారితే కొత్త ప్లేటూ జారుతుందట. పాత షాఫ్టు ముక్కతో ప్లేటును మధ్యకు నిలబెట్టి, ప్రెషర్ ప్లేటు బిగించి, ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయని కొలిచాకే రెండు సగాలూ కలిపాడు.

అప్పుడు పెడళ్లు చూశాడు. బ్రేకు రబ్బరు గరుగ్గానే ఉంది, క్లచ్ రబ్బరు నున్నగా అరిగింది.

“బండి తోలేది మీరేనాండి?”

“నేనే.”

“క్లచ్ పెడల్ రాడ్డు బిగించింది?”

అదీ నేనే. పెడల్ కాస్త వదులుగా ఆడుతుంటే లోపమనుకుని నిరుడు బిగించేశాను. ఆ వదులే క్లచ్‌కి ఊపిరి. ప్లేటు అరిగేకొద్దీ ఫింగర్లు వెనక్కి, పెడల్ నొక్కినప్పుడు వాటిని నెట్టే బేరింగు వైపు వస్తాయి. వాటి మధ్య ఖాళీ లేకపోతే కాలు తీసేసినా క్లచ్ కొంత నొక్కినట్టే ఉంటుంది. పట్టు సగమై, ప్లేటు జారి, కాలిపోతుంది.

మా బండికి పెడల్ దగ్గర అంగుళం, అంటే దాదాపు 25 మిల్లీమీటర్ల ఖాళీ పెట్టాడు. “అది కాలు పెట్టుకునే పీట కాదండి,” అన్నాడు వెళ్తూ.

ఇప్పుడు రోజూ బండెక్కే ముందు పెడల్‌ని చేత్తో నొక్కి ఆ అంగుళం చూసుకుంటున్నాను. రాడ్డు ఒక్కసారికే సర్దుకుంది. నా ఎడమ కాలు మాత్రం గట్టు మలుపు రాగానే ఇంకా పెడల్ మీదికే పోతోంది.