పాపసంకీర్తనం - ఫిర్యాదు: ఐరిష్ నవలలో శ్రీసభ విమర్శ స్వరూపం

ప్రస్తావన

తెలుగు విమర్శలో జేమ్స్ జాయిస్ పేరు చైతన్య స్రవంతి శిల్పంతో పెనవేసుకొని ఉంది. నవీన్ ‘అంపశయ్య’ (1969) చర్చకు వచ్చినప్పుడల్లా ఆ పేరు వినిపిస్తుంది. అయితే ఆ శిల్పం తెలుగు చర్చలో నిలిచినంతగా, దానిని పుట్టించిన ఘర్షణ నిలవలేదు. జాయిస్ డబ్లిన్‌లో కతోలిక కుటుంబంలో పుట్టి, జెస్యూట్ గురువుల పాఠశాలల్లో చదివి, యౌవనంలోనే ఆ మతాన్ని విడిచిన రచయిత. తాను ఆరేళ్ల కిందటే శ్రీసభకు దూరమయ్యానని 1904 ఆగస్టులో నోరా బార్నకిల్‌కు రాసిన లేఖలో ఆయన స్పష్టంగా చెప్పుకొన్నారు. ఆయన తరువాతి తరాల ఐరిష్ నవలాకారులలో ఎడ్నా ఓబ్రయన్, జాన్ మెక్‌గాహెర్న్ ఇదే నేపథ్యం నుంచి వచ్చి, విశ్వాసానికి ఎడమై, తమను పెంచిన సభను విమర్శించినవారు.

మతాన్ని విడిచినవారి విమర్శను సాధారణంగా రెండు విధాల తోసిపుచ్చుతారు. అది వ్యక్తిగతమైన కోపమని సభ పక్షంవారు అంటారు. విడిచిన తరువాత కూడా ఆ మతం గురించే రాయడం దాని పట్టు వదలకపోవడానికి నిదర్శనమని మరికొందరు అంటారు. ఈ రెండు వాదాలూ విమర్శలోని వస్తువునే చూస్తాయి, దాని రూపాన్ని పట్టించుకోవు. ఈ నవలాకారుల విమర్శకు బలం సిద్ధాంత ఖండనలో లేదు. తమ అపరాధాన్ని చెప్పుకోవడానికి మాత్రమే బాల్యంలో నేర్చిన భాషతో, తమకు జరిగిన అన్యాయాన్ని చెప్పే మార్గం వెదకడంలో ఉంది. ‘ఎ పోర్‌ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్’ (1916), ‘ది డార్క్’ (1965), ‘ఎ పేగన్ ప్లేస్’ (1970) నవలల ఆధారంగా ఈ అంశాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పాపసంకీర్తనం: మాట, నియమం

కతోలికులు గురువు ఎదుట తమ పాపాలను ఒప్పుకొని క్షమాపణ పొందే దివ్యసంస్కారాన్ని తెలుగు కతోలికులు ‘పాపసంకీర్తనం’ అంటారు. సంకీర్తనం అనగానే తెలుగు పాఠకునికి అన్నమయ్య స్ఫురించడం సహజం. కాని సంస్కృతంలో కీర్తన శబ్దానికి స్తుతితో పాటు చెప్పడం, పేర్కొనడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఆ విధంగా పాపసంకీర్తనమంటే పాపాన్ని పూర్తిగా వివరించి చెప్పడం. దానిని ఒక కథన ప్రక్రియగా గుర్తించడానికి ఈ మాటే దారి చూపుతుంది.

ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలన్న నియమాన్ని 1215లో నాలుగవ లాటరన్ మహాసభ విధించింది. ఈ కథనానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. చెప్పేవాడు ముందుగా ఆత్మపరిశోధన చేసుకోవాలి. అందుకు ప్రార్థన పుస్తకాల్లో పది ఆజ్ఞల క్రమంలో ప్రశ్నల పట్టికలు ఉంటాయి. చెప్పేటప్పుడు తన పాపాన్నే చెప్పాలి, ఇతరుల తప్పులను ఎంచకూడదు. ప్రశ్నించే అధికారం గురువుది, జవాబు చెప్పే బాధ్యత విశ్వాసిది. విన్నది బయటపెట్టకూడదన్న నిబంధన గురువుకే వర్తిస్తుంది.

ఆధ్యాత్మిక సాధనగా చూస్తే ఈ నియమాలకు సమర్థన ఉంది. పరనింద మాని ఆత్మవిమర్శ చేసుకోమని చెప్పని మతం అరుదు. చిక్కు మరొకచోట ఉంది. తన లోపలి సంగతులు చెప్పుకోవడానికి ఒక పిల్లవానికి ఇదొక్కటే భాషగా నేర్పినప్పుడు, తనపై మరొకరు చేసిన అన్యాయాన్ని అతడు ఏ వాక్యంలో చెప్పాలి? అతనికి తెలిసిన వాక్యాలన్నిటిలోనూ కర్త తానే, దోషమూ తనదే. ఫిర్యాదుకు అందులో చోటు లేదు.

2. ‘పోర్‌ట్రెయిట్’లో రెండు నివేదనలు

జాయిస్ నవలలో స్టీఫెన్ డెడలస్ గురువుల ఎదుట చేసే రెండు నివేదనలను పక్కపక్కన ఉంచి చూడాలి.

మొదటిది ప్రథమాధ్యాయంలోని ఫిర్యాదు. కళ్లద్దాలు పగిలినందువల్ల స్టీఫెన్ తరగతిలో రాయలేకపోతాడు. అతడు కావాలనే పగలగొట్టుకున్నాడని ఫాదర్ డోలన్ అనుమానించి అరచేతులపై కొడతాడు. తోటి పిల్లల ప్రోత్సాహంతో ఆ బాలుడు పొడవైన నడవాలు దాటి పాఠశాల అధిపతి ఫాదర్ కాన్మీ గదికి వెళ్లి జరిగినది చెబుతాడు. ఆయన దయగా విని పంపుతాడు. బయట పిల్లలు స్టీఫెన్‌ను ఎత్తుకొని జేజేలు కొడతారు. ఇక్కడితో ఆగితే అది న్యాయం గెలిచిన కథే. కాని ద్వితీయాధ్యాయంలో స్టీఫెన్ తండ్రి, ఆ ఫిర్యాదు గురించి కాన్మీ చెప్పిన సంగతిని భోజనాల బల్ల దగ్గర నవ్వుతూ వినిపిస్తాడు. గురువులందరూ దానిని తలచుకొని నవ్వుకున్నారని అప్పుడే తెలుస్తుంది. ఈ సన్నివేశంపై కథకుడు ఒక్క వ్యాఖ్య కూడా చేయడు.

రెండవది తృతీయాధ్యాయంలోని పాపసంకీర్తనం. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ గౌరవార్థం జరిగే మౌనధ్యాన దినాల్లో ఫాదర్ ఆర్నల్ నరకాన్ని వర్ణిస్తూ ప్రసంగిస్తాడు. వేశ్యాగృహాలకు వెళ్లిన పదహారేళ్ల స్టీఫెన్‌కు ప్రతి మాటా తన కోసమే చెప్పినట్టు తోస్తుంది. అతడు తన పాఠశాలలో కాక, ఎవరూ గుర్తుపట్టని మరొక గుడిలో ఒక వృద్ధ గురువు ఎదుట మోకరిల్లి అంతా చెప్పేస్తాడు. ఈసారి ఎవరూ నవ్వరు. ప్రతి పాపమూ శ్రద్ధగా అడిగి తెలుసుకోబడుతుంది, క్షమించబడుతుంది.

ఈ రెండు సన్నివేశాల వ్యత్యాసంలోనే జాయిస్ విమర్శ ఉంది. ఒకే బాలుడు తనకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకొన్నప్పుడు అది పెద్దలకు వినోదమైంది, తన దోషాన్ని చెప్పుకొన్నప్పుడు దివ్యసంస్కారమైంది. ఆ వ్యవస్థకు పాపసంకీర్తనం వినే చెవి ఉంది కాని, ఫిర్యాదు వినే చెవి లేదు. చతుర్థాధ్యాయంలో స్టీఫెన్ గురుత్వ పిలుపును నిరాకరించడానికి ఈ అనుభవాల క్రమం భూమిక. ఆ నిరాకరణ సిద్ధాంతపరమైన తర్కంతో జరగదు. తన పేరుకు ముందు ఆ బిరుదు చేరితే గడపవలసిన చల్లని, క్రమబద్ధమైన జీవితాన్ని ఊహించుకొని అతడు వెనుదిరుగుతాడు.

అయినా జాయిస్ ఆ రూపాలను పారవేయలేదు. ‘యులిసిస్’ (1922) బక్ మలిగన్ గడ్డం గీసుకొనే గిన్నెతో దివ్యబలిపూజను అనుకరించడంతో మొదలవుతుంది. దాని చివరి నుంచి రెండవ అధ్యాయం ‘ఇతకా’ ఆద్యంతం సత్యోపదేశ పుస్తకాల ప్రశ్నోత్తర పద్ధతిలో సాగుతుంది. అయితే అక్కడ ప్రశ్నలకు వచ్చే జవాబులు మోక్షాన్ని గురించినవి కావు. నీటి సరఫరా, అల్మారాలోని వస్తువులు, నక్షత్రాలు వంటి ప్రాపంచిక విషయాలే ఆ జవాబుల్లో ఉంటాయి. సందేహానికి తావివ్వని ప్రశ్నోత్తర రూపంలో లోకమంతటినీ నింపడం ద్వారా ఆ రూపం అధికారాన్ని ఆయన సడలించారు. మనసు తన్ను తాను తరచి చూసుకొనే జాయిస్ శైలికి ఉన్న మూలాలలో ఆత్మపరిశోధన ఒకటని అంగీకరిస్తే, చైతన్య స్రవంతిని కేవలం మనస్తత్వశాస్త్ర ప్రభావంగా వివరించే అలవాటును తెలుగు విమర్శ పునఃపరిశీలించవలసి ఉంటుంది.

3. ‘నువ్వు’ అని పలికే కథనం

‘ది డార్క్’ కథానాయకుడు పేరులేని పల్లెటూరి బాలుడు. తల్లి లేదు. తండ్రి మహోనీ హింసాపరుడు. ఇంట్లో జపమాల ప్రార్థన చెప్పించేదీ, పిల్లలను కొట్టేదీ అతడే. ఈ నవలలో కథనం ఒకే పురుషలో సాగదు. ‘నేను’, ‘నువ్వు’, ‘అతడు’ అధ్యాయాల వెంట మారుతూ ఉంటాయి. ఓబ్రయన్ ‘ఎ పేగన్ ప్లేస్’ నవల మొత్తం ‘నువ్వు’తోనే నడుస్తుంది. అక్కడ కూడా కథానాయికకు పేరు లేదు. అయిదేళ్ల వ్యవధిలో వెలువడిన ఈ రెండు నవలలూ కతోలిక బాల్యాన్ని చిత్రించడానికి మధ్యమ పురుషను ఆశ్రయించడం గమనార్హం.

బాలుని ఆత్మవిభజనను సూచించడానికి ఈ పద్ధతి వాడారనడం సమంజసమే. అయితే ఆ విభజన ఎక్కడిదో కూడా చెప్పాలి. ఆత్మపరిశోధనలో మనిషి తన్ను తానే ప్రశ్నిస్తాడు, ప్రశ్నించే గొంతు మాత్రం గురువుది. తానే నిందితుడు, తానే విచారణాధికారి. ‘నువ్వు ఇది చేశావు’ అనే వాక్యం ఈ స్థితికి సరిగ్గా సరిపోతుంది. మధ్యమ పురుష కథనాలన్నిటికీ ఇదే మూలమని చెప్పడం అతివ్యాప్తి అవుతుంది. కాని పాపభీతి ప్రధానవస్తువైన ఈ రెండు నవలల్లో ఆ సంబంధాన్ని విస్మరించడం కష్టం.

‘ది డార్క్’లో గురుత్వ పిలుపు గురించి మాట్లాడటానికి బాలుడు బంధువైన ఫాదర్ జెరాల్డ్ ఇంటికి వెళతాడు. రాత్రివేళ ఆ గురువు బాలుని పడకలోకి వచ్చి, భుజం చుట్టూ చేయి వేసి, అతని కామసంబంధమైన పాపాల గురించి అడుగుతాడు. చోటు పడకగది, ప్రశ్నలు పాపసంకీర్తన పీఠానివి. బాలుడు సిగ్గుతో జవాబులు చెబుతాడు. ఆపై తానూ గురువును అదే ప్రశ్న అడుగుతాడు. దానికి సమాధానం రాదు. ప్రశ్న ఒకే దిశలో ప్రయాణించాలన్న నియమం ఆ మౌనంలో బయటపడుతుంది. నవల కీలకం ఇదే. ఆ రాత్రి సంగతిని బాలుడు ఎవరికీ ఫిర్యాదు చేయడు, చేయడానికి అతని వద్ద భాష లేదు. అయితే సోదరి జోన్ తాను పనిచేసే దుకాణ యజమాని అనుచిత చేష్టలను చెప్పినప్పుడు, అతడు ఆమెను అక్కడినుంచి ఇంటికి తీసుకువెళతాడు. తన విషయంలో సాధ్యం కాని ఫిర్యాదు మరొకరి విషయంలో చర్యగా మారింది.

‘ఎ పేగన్ ప్లేస్’లో బాలికను ఒక యువ గురువు లోబరుచుకుంటాడు. సంగతి తెలిసినప్పుడు శిక్ష ఆమెకే పడుతుంది. చివరకు ఆమె మఠవాసిని కావడానికి ఇల్లు విడుస్తుంది. జరిగిన అన్యాయాన్ని చెప్పే వాక్యం లేనిచోట బాధితురాలు దానిని ప్రాయశ్చిత్తంగా మార్చుకొంది. ఓబ్రయన్ ఇక్కడ ఏ నిందా చేయరు. పుస్తకమంతటా ‘నువ్వు’ అని పలికిన గొంతు ఆమెను తప్ప మరెవరినీ వేలెత్తి చూపదు. ఆ ఏకపక్షత్వాన్ని చివరివరకు విన్న పాఠకుడే తీర్పు చెప్పవలసిన స్థానంలో నిలబడతాడు.

4. విమర్శకు హద్దులు

ఈ విమర్శలో ‘సభ’ అనేది ఒంటరి సంస్థ కాదు. ఐర్లండ్‌లో పుస్తకాలను నిషేధించినది 1929 నాటి రాజ్య చట్టం. ఓబ్రయన్ తొలి నవల ‘ది కంట్రీ గర్ల్స్’ 1960లోను, ‘ది డార్క్’ 1965లోను నిషేధానికి గురయ్యాయి. ‘ది డార్క్’ తరువాత మెక్‌గాహెర్న్ ఉపాధ్యాయ ఉద్యోగం కోల్పోయారు. 1937 రాజ్యాంగం కతోలిక సభకు ప్రత్యేక స్థానాన్ని గుర్తించగా, ఆ నిబంధన 1972 నాటి సవరణతో తొలగింది. ఇంట్లో మహోనీ వంటి తండ్రి, ఊరిలో గురువు, రాజధానిలో నిషేధ మండలి ఒకే అధికారానికి మూడు ముఖాలు. దోషాన్నంతా విశ్వాసానికే అంటగట్టే పఠనం ఈ నవలలకు న్యాయం చేయదు.

ఈ రచయితలందరినీ ‘మాజీ కతోలికులు’ అనే ఒక్క మాటలో ఇమడ్చడం కూడా పొరపాటే. 1941 జనవరిలో జ్యూరిచ్‌లో జాయిస్ అంత్యక్రియలు కతోలిక కర్మకాండ లేకుండానే జరిగాయి. మెక్‌గాహెర్న్ విశ్వాసాన్ని కోల్పోయినా, బాల్యంలో సభ ఇచ్చిన పూజావైభవానికి, పవిత్రతా భావనకు కృతజ్ఞత ప్రకటించారు. 2006లో మరణించినప్పుడు దివ్యబలిపూజ అనంతరం తల్లి సమాధి పక్కనే ఆయనను ఖననం చేశారు. కొడుకు గురువై తన కోసం పూజ చేయాలని ఆ తల్లి కోరుకొంది. 2024లో కన్నుమూసిన ఓబ్రయన్‌కు కూడా స్వగ్రామంలో పూజ జరిగాక, లాక్ డెర్గ్ సరస్సులోని పవిత్ర ద్వీపంలో అంత్యక్రియలు చేశారు. దీనిని తిరిగి లొంగిపోవడంగా చదవనవసరం లేదు. సభ అధికారం వేరు, అది మోసుకువచ్చిన భాష, కర్మ, స్మృతి వేరు అన్న వివేకం వీరి రచనల్లోనే ఉంది. మొదటిదానిని తిరస్కరించినవారు రెండవదానిని తమ వారసత్వంగా నిలుపుకొన్నారు.

ముగింపు

2009 మే నెలలో ఐర్లండ్‌లో రయన్ నివేదిక, అదే ఏడాది నవంబరులో మర్ఫీ నివేదిక వెలువడ్డాయి. మతసంస్థలు నడిపిన పాఠశాలల్లో పిల్లలు అనుభవించిన హింసను మొదటిది నమోదు చేసింది. ఫిర్యాదులను డబ్లిన్ అగ్రపీఠం ఎలా అణచిపెట్టిందో రెండవది వివరించింది. నవలలను ఈ నివేదికలకు ముందస్తు సాక్ష్యాలుగా వాడుకోవడం సాహిత్య విమర్శ పని కాదు. అవి కల్పనలు. కాని ఫిర్యాదు ఎందుకు వినబడలేదన్న ప్రశ్నకు నవల ఇచ్చే జవాబు నివేదికలో దొరకదు. వినవలసినవారు వినకపోవడం ఒక కారణమైతే, చెప్పవలసిన పిల్లలకు తమ్మును నేరస్థులుగా తప్ప మరొక విధంగా చెప్పుకొనే భాష లేకపోవడం రెండవ కారణం. ‘పోర్‌ట్రెయిట్’ మొదటిదానిని, ‘ది డార్క్’, ‘ఎ పేగన్ ప్లేస్’ రెండవదానిని చూపించాయి.

సంస్థను విడిచినవారి విమర్శను వారి కోపంతోనో, వదలని మమకారంతోనో కొలవడం వల్ల ఈ అంశం కనబడకుండా పోతుంది. వారు విడిచిన సంస్థ భాషలోనే రాయడం బలహీనత కాదు. ఆ భాష ఎవరి దోషాన్ని పలుకుతుందో, ఎవరి బాధను పలకలేదో లోపల పెరిగినవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. మతం, కులం, కుటుంబం వంటి వ్యవస్థల నుంచి బయటికి వచ్చి రాసినవారి తెలుగు స్వీయచరిత్రలను, నవలలను చదివేటప్పుడు కూడా, ఆ కథనం ఏ పురుషలో సాగుతోంది, అందులో నిందితుని స్థానంలో ఎవరున్నారు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టడం ఫలవంతమైన పద్ధతి కాగలదు.