తెగిన వల, తెగిన వాజము

నెల్లూరు జిల్లా సంగమువద్ద, పెన్నకు ఆనకట్ట గట్టిన చోట, చినిగిన వల నొడిలో పరచుకొని కూర్చుండు పల్లెకారుల పనితనమును నేను మిక్కిలి గౌరవింతును. చినుగును పైపైన కలిపి కుట్టివేయుట వారి పద్ధతి కాదు. నలిగిన దారములను గట్టి కన్నులు తగులువరకు కోసివేసి, ఆ అంచునుండి పాత కన్నుల కొలతకే క్రొత్త ముడులు వేయుదురు. ఎంత కోయవలెనో చేతికే తెలియును.

వలలో పడు చేపలును ఇట్టి విద్య నెరిగినవే. తెగిన వాజము మరల మొలచునని ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు బ్రూసొనే 1786లోనే వెల్లడించెను. నేటి పరిశోధకులు ఇందులకు విశేషముగా వాడునది మన దేశపు వాగులలోను వరిమళ్లలోను తిరుగాడు చారల జీబ్రా చేపను. దాని తోక వాజము తెగినంతనే చర్మకణములు గంటలలో గాయమును కప్పును. పిదప లోపలి ఎముక కణములు తమ ప్రౌఢరూపమును విడిచి, లేతవై, విభజనశక్తిని మరల పొంది, ఇతర కణములతో కూడి కొనయందు మొగ్గవలె పోగగును. అయినను అవి స్వధర్మమును మరువవు: ఎముక కణపు సంతతి ఎముకనే నిర్మించును. అంతకంటె ఆశ్చర్యకరమైనది వాటి కొలత; మొదలంట తెగినచో వేగముగను, కొనయందు తెగినచో మెల్లగను పెరిగి, రెండును ఇంచుమించు ఒకే కాలమునకు, రెండు మూడు వారములలో, పూర్వపరిమాణమునకు వచ్చి ఆగును. మనుష్యులకు ఈ భాగ్యము వ్రేలికొనకే పరిమితము. అదియు గోటి మొదలు చెడకున్నప్పుడే, ముఖ్యముగా పసివారిలోనే.