రెండు వారాల మాస్టారు

సంక్రాంతికి తుళ్లూరు ఇళ్లన్నీ అమెరికా పిల్లలతో కళకళలాడతాయి. వాళ్లలో ఒకరిద్దరు ఏటా మా గుమ్మం ఎక్కుతారు. "అంకుల్, పని మాన్పించి తెచ్చిన పిల్లలకు పాఠాలు చెబుతాం. రెండు వారాలు ఖాళీ" అంటారు. మనసు మంచిదే. కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి అడిగేవాళ్లూ ఉంటారు, దాన్నీ తప్పుపట్టను. కానీ ఆ పిల్లలెవరో ముందు తెలియాలి కదా.

2015 ల్యాండ్ పూలింగ్‌తో మా నల్లరేగడి చాలావరకు రాజధాని కిందికి పోయింది. ఇప్పుడు మిరప చేను చూడాలంటే పెదకూరపాడు, క్రోసూరు వైపు వెళ్లాలి. దీపావళి దాటాక కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పత్తికీ మిర్చికీ గుంటూరు వైపు దిగుతాయి. సుగ్గికి పోవడం అంటారు వాళ్లు. చాలామందికి మేస్త్రీ అడ్వాన్సు ముందే ముట్టి ఉంటుంది. కోతకు కిలో లెక్కన కూలి. అప్పు తీరాలంటే ఇంకో రెండు చేతులు కావాలి, అంతే, బడి పిల్ల కాస్తా కూలి పిల్ల అవుతుంది. కొట్టేవాడు లేకపోయినా ఆ అడ్వాన్సు కదలనివ్వదు. అప్పు కింద మనిషిని కట్టేస్తే అది వెట్టి అని 1976లోనే చట్టం తేల్చింది. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. బడి అయ్యాక సొంత ఇంటి పనిలో సాయపడొచ్చన్న మినహాయింపు పరాయి చేలో కోతకు వర్తించదు. అయినా అడిగి చూడండి, "అమ్మకు సాయం వచ్చిందండీ" అంటారు.

ఇలాంటి పిల్లను పని మాన్పించి తెచ్చి చదువు చెప్పేటప్పుడు అఆలతో మొదలుపెట్టకూడదు. పదేళ్లదాని చేతిలో పసిపిల్లల వాచకం పెడితే సిగ్గుతో తలవంచుకుంటుంది. కాటా దగ్గర మొదలుపెట్టాలి. ఎన్ని కిలోలు కోసిందో, కిలోకి ఎంతో, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడో నోటిలెక్కతో టకటకా చెప్పేస్తుంది. చెప్పిందాన్ని పలక మీద పెట్టించాలి. కొత్తలో బలపం పట్టడమే కష్టం. కాయ తుంచి తుంచి వేళ్లు మండుతుంటాయి, ఆ చెయ్యి మరిచిపోయి కంట్లో పెట్టుకుందా, ఆ పూటకి చదువు సరి. అయినా నాలుగు రోజుల్లో కూడిక రాస్తుంది, పేరు రాస్తుంది. చూసి మురిసిపోతాం. ఆ తర్వాతే ఒక పొద్దున కనబడదు. తల్లి దగ్గరికి, మళ్లీ చేలోకి వెళ్లిపోయి ఉంటుంది. వెతుక్కుంటూ వెళ్లాలి, తల్లిని ఒప్పించాలి, మేస్త్రీ చేత మాటపడాలి. మాస్టారి అసలు పని అది. అప్పటికి మన వాలంటీరు డాలస్‌లో ఉంటాడు.

1991లో శాంతా సిన్హా ఆధ్వర్యంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పిల్లల్ని పని మాన్పించి బడికి చేర్చే ఈ పని మొదలుపెట్టింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల పట్టు. పని మాన్పించిన పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేశారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగింది మాత్రం అక్కడి ఊళ్ల యువకులే. ఫలానా వాళ్లబ్బాయి అని తెలిసినవాడు గుమ్మంలో నిలబడితే తల్లి కాదనలేదు.

ఫొటోల సంగతీ చెప్పాలి. కాపాడిన పిల్లల్ని భుజమ్మీద చెయ్యేసి సెల్ఫీ తీసి పెట్టడం నాకు చిరాకు. అది చట్టరీత్యా నేరం కూడా. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం అలాంటి పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జుర్మానా, లేదా రెండూ.

అలాగని రావద్దనను. పలక దగ్గర కూర్చోవద్దంటాను, అంతే. ఏ పిల్ల ఏ ఊరిది, ఏ బడిలో పేరుంది, ఆ హెడ్మాస్టరు ఫోను నంబరేమిటి అన్న పట్టిక ఎవరి దగ్గరా సరిగ్గా ఉండదు. లాప్‌టాప్‌లో అది తయారుచేయండి. కోతలయ్యాక కుటుంబం ఇల్లు చేరిందా, జూన్‌లో పిల్ల బడికి వచ్చిందా అని డాలస్ నుంచైనా ఫోన్ చేసి కనుక్కోవచ్చు. చదువు చెప్పే ఊరి అమ్మాయికి దీపావళి నుంచి ఏప్రిల్ దాకా జీతం ఇవ్వండి, మీ ఒక్క విమానం టికెట్టు డబ్బు దాదాపు సరిపోతుంది. ఈ పండక్కి ఊరొచ్చి, దారిలో మిరప కోతలో పిల్ల కనబడితే మాత్రం ఫొటో తీయకండి, 1098కి ఫోన్ చేయండి.