పాఠం ఎంత, సాధకం ఎంత?

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు ఇళ్లకు కొదవ లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వర్క్‌షాపు పనికి, లైను పనికి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడక్కడ కాపురాలు చేస్తున్నారు. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ చర్చ వస్తుంది. వారానికి ఒక్క పాఠం చాలడం లేదు, రెండోది కూడా పెట్టిద్దామా? లేక ఉన్న పాఠాన్నే ఇంట్లో కూర్చోబెట్టి సాధకం చేయిద్దామా? గోల్ఫ్ కర్ర పట్టినవాడిదీ ఇదే సందేహం. కోచ్‌కి ఇంకో నెల ఫీజు కట్టాలా, బుట్టెడు బంతులు తీసుకుని ఒంటరిగా మైదానానికి పోవాలా?

మన కర్ణాటక సంగీతం నేర్పే పద్ధతిని దగ్గరగా చూస్తే జవాబు అందులోనే దొరుకుతుంది. తన తప్పు తనకు వినబడుతున్నంత కాలం సాధకం చేయాలి. వినబడని చోట గురువు దగ్గరికి పోవాలి. మొదటి నుంచీ చేయించే అభ్యాసాలన్నీ ఆ వినికిడి పెంచడానికే పుట్టినట్టుంటాయి.

పురందరదాసు ఏర్పరిచాడని చెప్పుకునే సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు మాయామాళవగౌళ రాగంలోనే ఎందుకు మొదలవుతాయో చూడండి. ఈ రాగంలో సరిగమకూ పదనిసకూ స్వరాల మధ్య ఎడాలు ఒక్కటే. కింది సగంలో రిషభం సరిగ్గా పట్టిన గొంతు, పై సగంలో ధైవతం దగ్గర జారితే ఆ తేడా కొత్తగా నేర్చుకునే పిల్లకు కూడా తెలిసిపోతుంది. అంటే పాఠంలోనే ఒక కొలబద్ద దాగి ఉంది. ఆపైన మూడు కాలాలు. తాళం అదే వేగంతో నడుస్తుంటే, మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మొదటి కాలంలో స్వరం ఎక్కువసేపు నిలబడాలి కాబట్టి శ్రుతి తప్పితే దాచుకోవడానికి చోటుండదు. మూడో కాలంలో వేళ్ల తడబాటు, ఊపిరి కొరత బయటపడతాయి. పిల్లలు మూడో కాలానికి తొందరపడతారు. మంచి గురువు మొదటి కాలం దగ్గరే ఆపి కూర్చోబెడతాడు.

వయొలిన్‌లో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వీణకు మెట్లుంటాయి, వయొలిన్‌కు ఉండవు. వేలు ఎక్కడ పడాలో చెవే చెప్పాలి. మన పద్ధతిలో నాలుగు తీగలను సపసప అని శ్రుతి చేస్తారు. మంద్ర పంచమం తీగ మీద వేలు పెట్టి పై షడ్జం పలికించినప్పుడు, అది సరైన చోట పడితే పక్కనున్న షడ్జం తీగ కమాను తగలకుండానే సన్నగా కంపిస్తుంది. వేలు వెంట్రుకవాసి జరిగితే ఆ తీగ ఊరుకుంటుంది. పక్క తీగను గమనించడం అలవాటైన పిల్లకు ఆ ఒక్క స్వరం కోసం ఇంకొకరు పక్కన కూర్చోనక్కర్లేదు.

ఖరగ్‌పూర్ వాళ్లకు వర్క్‌షాపు తెలుసు కాబట్టి ఫిట్టర్ అప్రెంటిస్ సంగతి చెబితే సరిపోతుంది. ఇనుప ముక్కను చదును చేయమంటే వాడు కాసేపు ఆకురాయితో రాస్తాడు, మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. సందులోంచి వెలుగు కనిపిస్తే ఎక్కడ ఎత్తుగా ఉందో తెలుస్తుంది, మళ్లీ రాస్తాడు. మూలమట్టం చేతిలో ఉన్నంతసేపు మేస్త్రి అవసరం లేదు. సంగీతంలో తంబురా, తాళం వేసే చెయ్యి ఆ మూలమట్టాలు. శ్రుతి పెట్టకుండా, తాళం వెయ్యకుండా గంటసేపు వాయించడం సాధకం కాదు, కాలక్షేపం.

అయితే శ్రుతి, తాళం పట్టివ్వలేని తప్పులు కూడా ఉన్నాయి. తోడి రాగంలో గాంధారం ఉంది. పుస్తకంలో అది ఒక్క అక్షరం. పాడేటప్పుడు కదలకుండా నిలబడే స్వరం కాదు, ఊగుతూ పలకాలి. ఆ ఊపు ఎంత, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి అన్నది రాసి చూపించడం కష్టం, విని పట్టుకోవాల్సిందే. తంబురా ముందు కూర్చుని తప్పుడు గమకాన్ని వందసార్లు పలికినా తంబురా అభ్యంతరం చెప్పదు. కమాను పట్టిన మణికట్టు బిగుసుకుపోవడం, భుజం పైకి లేవడం కూడా అంతే. వాయించేవాడికి అవి కనబడవు. ఇలాంటి చోట ఒంటరి సాధకం ప్రమాదం. చేతికి పట్టిన తప్పును మాన్పించడానికి కొత్త పాఠం నేర్పడం కంటే ఎక్కువ కాలం పడుతుంది.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి జీవితంలో ఈ రెండు పాయలూ కనిపిస్తాయి. 1893లో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన ఆయనకు చూపు మందం, అందుకే బడి చదువు సాగలేదు. వయొలిన్ మొదటి పాఠాలు అన్నగారు వెంకటకృష్ణయ్య చెప్పారు. తర్వాతిదంతా కఠోర సాధకం, వినికిడి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయన విద్యార్థిగా చేరబోతే, వాదన విని అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ల చిల్లర. 1936లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో సంగీత కళానిధి అందుకున్నారు. పునాది ఇంకొకరు వేశారు. గోడలు తానే కట్టుకున్నారు.

బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో బాగా పేరు పొందింది. 18 ఏళ్లు వచ్చేసరికి అందరికంటే మేటి విద్యార్థులు ఒంటరిగా చేసిన సాధన సగటున 7,410 గంటలు, వారి తర్వాతివారిది 5,301, సంగీతం టీచర్లు కాబోయేవారిది 3,420. 2019లో వేరేవాళ్లు ఈ పరిశోధనను మళ్లీ చేసినప్పుడు మొదటి రెండు వర్గాల మధ్య ఈ తేడా నిలబడలేదు గాని, మూడో వర్గం వెనకబడటం మాత్రం మళ్లీ కనిపించింది. గంటల లెక్క చెప్పేవాళ్లు వదిలేసే మాట ఇంకొకటుంది. ఆ విద్యార్థులంతా గురువుల దగ్గర పాఠం చెప్పించుకుంటున్నవాళ్లే. ఒంటరిగా ఏం సాధన చేయాలో గది బయట ఒకరు చెప్పి పంపారు.

గోల్ఫ్‌కు వస్తే, ఖరగ్‌పూర్ నుంచి రెండున్నర గంటల రైలు దూరంలో కోల్‌కతా ఉంది. అక్కడి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829 నాటిది. ఆ క్లబ్‌లో పచ్చిక చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా. డబ్బు పోసి పాఠాలు చెప్పించుకునే ఇల్లు కాదు. పెద్దవాళ్ల ఆట చూసి, తానే కొట్టి నేర్చుకున్నాడు. 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017లలో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఇది చూపి కోచ్ దండగ అనేవాళ్లున్నారు. కాని ఆయన పెరిగిన మైదానంలో చూడటానికి రోజూ మంచి ఆటగాళ్లున్నారు. గోల్ఫ్‌లో బంతి కుడికి వంగిపోతే కంటికి తెలుస్తుంది, ఎందుకు వంగిందో తెలియదు. పట్టు వల్లా, కర్ర తిప్పిన దారి వల్లా? తప్పు తెలిసీ కారణం తెలియని చోట ఒక్క పాఠం నెల రోజుల బంతులను మిగులుస్తుంది.

ఇంట్లో దీన్ని అమలు చేయడం కష్టం కాదు. పాఠం అయిన రోజు సాయంత్రమే, చెవిలో గురువు గొంతు ఆరకముందే ఒకసారి కూర్చోవాలి. వర్ణం మొత్తం నాలుగుసార్లు దొర్లించే బదులు తడబడిన ఒక్క ఆవర్తనాన్ని విడదీసి మొదటి కాలంలో వాయించాలి. ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినాలి. వాయించేటప్పుడు చేతుల మీదుండే ధ్యాస మర్నాడు పూర్తిగా చెవికి దొరుకుతుంది. నైట్ డ్యూటీ చేసి నాన్న నిద్రపోతున్న క్వార్టర్‌లో గొంతెత్తే వీలు లేకపోతే, తాళం వేస్తూ సాహిత్యం మనసులో నడిపించడం కూడా సాధకమే. ఊళ్లో గురువు దొరక్క ఫోన్‌లో పాఠం చెప్పించుకునేవాళ్లకు సాధకం ఇంకా ముఖ్యం. నెట్‌లో ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువు, శిష్యురాలు కలిసి వాయించలేరు, ఒకరి తర్వాత ఒకరు వాయించాలి. తాళం ఆమె సొంతంగా నిలబెట్టుకోవాల్సిందే.

రెండో పాఠానికి ఫీజు కట్టే ముందు ఆ పిల్లను ఒక్క మాట అడగండి. నిన్న వాయించినప్పుడు ఎక్కడ తప్పు పోయింది, ఎందుకు పోయింది? రెండింటికీ జవాబు చెబితే ఆ డబ్బు ఉంచుకోండి, ఆమెకు కావలసింది తలుపు వేసిన గది, అరగంట సమయం. ఎక్కడో తెలుసు గాని ఎందుకో తెలియదంటే, ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఒక్క పాఠానికి పంపండి. తప్పే పోలేదు, అంతా బాగా వచ్చిందని అంటే మాత్రం వెనకాడకుండా రెండో పాఠం పెట్టించండి.