తప్పనిసరి నవ్వు: ఒక పేరడీ ఆల్బమ్, కొన్ని వైద్యపదాలు

'వియర్డ్ ఆల్' యాంకొవిక్ పధ్నాలుగో స్టూడియో ఆల్బమ్ 'మ్యాండేటరీ ఫన్' 2014 జులై 15న విడుదలైంది. మొదటి వారంలో 1,04,000 ప్రతులు అమ్ముడై, బిల్‌బోర్డ్ 200 జాబితాలో నేరుగా ప్రథమస్థానానికి చేరింది. 1963లో ఆలన్ షెర్మన్ 'మై సన్, ద నట్' తరువాత ఒక హాస్య ఆల్బమ్‌కు ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. ఎనిమిది రోజులలో ఎనిమిది వీడియోలు విడుదల చేయడం ఆ విజయానికి తోడ్పడింది. మరుసటి సంవత్సరం ఉత్తమ హాస్య ఆల్బమ్‌గా గ్రామీ బహుమతి కూడా వచ్చింది. అమ్మకాలను అంకెలతో కొలవవచ్చు. ఆ నవ్వు ఎవరి మీద అన్నది మాత్రం పాటలు విడివిడిగా విని తేల్చుకోవలసిన ప్రశ్న.

తెలిసిన వరుసలో కొత్త మాటలు కూర్చడం తెలుగువారికి వింత కాదు. భజన పాటల పుస్తకాలలో పల్లవి పైన 'ఫలానా సినిమా పాట వరుస' అని అచ్చు వేయడం పాత అలవాటు. అక్కడ ఎవరూ నవ్వరు. వరుస అందరికీ వచ్చు కాబట్టి అందరూ గొంతు కలుపుతారు. వరుసకూ మాటకూ మధ్య ఎడం పెరిగినప్పుడే నవ్వు పుడుతుంది. 'పేరడీ శాస్త్రి'గా పేరుపడ్డ జరుక్ శాస్త్రి పేరడీలలో కవి ధోరణే లక్ష్యం. మూలకవి పదాలు, విరుపులు తెలిసినవారికే వాటి రుచి అందుతుంది. ఒక విధంగా అది విమర్శే. యాంకొవిక్ పద్ధతి వేరు. చాలా పాటలలో మూలగీతం అతనికి లక్ష్యం కాదు, వాహనం మాత్రమే.

ఈ ఆల్బమ్‌లోని పన్నెండు పాటలలో అయిదు నేరుగా పేరడీలు, ఒకటి పోల్కా వరుసలో కుట్టిన పాటల దండ, మిగిలిన ఆరు ఏదో ఒక బృందం లేదా సంప్రదాయం శైలిని అనుకరిస్తూ కొత్తగా కట్టినవి. లార్డ్ పాడిన 'రాయల్స్' ఆడంబరం మీద విసుగుతో సాగుతుంది. దాని పేరడీ 'ఫాయిల్' మిగిలిపోయిన తిండిని అల్యూమినియం రేకులో చుట్టి దాచుకోవడంతో మొదలవుతుంది. సగంలో మలుపు తిరిగి, రహస్యశక్తులు మనసును చదవకుండా అదే రేకును తలకు చుట్టుకోమంటుంది. అంతవరకు పొదుపరి ఇల్లాలి చిట్కా లాగా వినబడిన గొంతు, మాట మార్చకుండానే మతిస్థిమితం తప్పుతుంది. ఫారెల్ 'హ్యాపీ' వరుసలో నడిచే 'ట్యాకీ'లో ఒకడు తన అభిరుచిలేమిని తానే ఘనంగా చాటుకుంటాడు. రెండింటిలోనూ పాడేవాడు తన మాటలతోనే తాను బయటపడతాడు. శ్రోత నవ్వు ఆ గొంతు మీదే.

వీటన్నిటికన్నా పదునైనది 'మిషన్ స్టేట్‌మెంట్'. క్రాస్బీ, స్టిల్స్, నాష్ బృందపు మెత్తని గొంతుల కలయికలో, కార్పొరేట్ సమావేశాలలో వినిపించే ఉబ్బెత్తు పదజాలం తప్ప మరొక మాట ఉండదు. ఒకనాడు వ్యవస్థను ధిక్కరించిన తరం సంగీతం నేడు మేనేజర్ల స్లైడ్ల భాషకు తంబురా పట్టినట్టుంటుంది. రాగం ఎంత హాయిగా ఉంటే మాటల డొల్లతనం అంత స్పష్టంగా వినిపిస్తుంది. ఆల్బమ్ పేరుకు అసలైన వ్యాఖ్యానం ఈ పాటే. నియంతల ప్రచారపత్రాన్ని తలపించే ముఖచిత్రం కూడా ఈ ఆజ్ఞాపూర్వక ఆనందాన్నే వెక్కిరిస్తుంది.

యాంకొవిక్ మూలకర్తల అనుమతి అడిగి మరీ పేరడీ కడతాడు. దీన్ని సాధారణంగా మర్యాదగా చెప్పుకుంటారు. అందులో వివేకం కూడా ఉంది. 1994లో క్యాంప్‌బెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, వ్యాపారానికి వాడినంత మాత్రాన పేరడీకి న్యాయమైన వినియోగం కింద రక్షణ లేకుండా పోదని చెప్పింది. అదే సమయంలో, మూలరచన మీద వ్యాఖ్యానించే పేరడీకీ, మూలాన్ని వాడుకుని మరొకదాన్ని ఎగతాళి చేసే వ్యంగ్యానికీ తేడా చూపింది. ఆ గీత ప్రకారం చూస్తే యాంకొవిక్ పాటలలో చాలావరకు రెండవ కోవకే దగ్గర. 'బ్లర్డ్ లైన్స్' వరుసలో అతను అనుమతితో 'వర్డ్ క్రైమ్స్' కట్టాడు. 2015లో ఆ మూలగీతమే మార్విన్ గే పాటకు సంబంధించిన హక్కులను ఉల్లంఘించిందని జ్యూరీ తీర్పు చెప్పింది.

ఆల్బమ్‌లో ఎక్కువ ప్రచారం పొందినదీ, ఎక్కువ ఆలోచించవలసినదీ ఈ 'వర్డ్ క్రైమ్స్'. స్త్రీల సమ్మతిని తేలిక చేసిందని విమర్శలకు గురైన పాట వరుసను తీసుకుని, వ్యాకరణదోషాలు చేసేవారిని చీవాట్లు పెట్టే పాఠంగా మార్చడం మంచి ఊహ. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఈ పాట ప్రత్యేకంగా నచ్చడానికి కారణముంది. నోట ఇంగ్లీషు పలకడానికి ముందే రెన్ అండ్ మార్టిన్ పుస్తకంలో నియమాలు వల్లించిన తరం వారిది. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవారు తప్పులో కాలేసిన చోట తాము తప్పు చేయమన్న తృప్తి చిన్నదేమీ కాదు. అయితే ఆ తృప్తి ఒక ఉచ్చు. వ్యాకరణం చూసి మనిషి విలువ కట్టే చెయ్యే మరునాడు యాస చూసి కూడా కడుతుంది.

పాట విడుదలైన కొద్దిరోజులకే 'స్పాస్టిక్' అన్న మాట మీద అభ్యంతరాలు వచ్చాయి. అది కొందరిని అంతగా నొప్పించే మాటని తనకు తెలియదని యాంకొవిక్ క్షమాపణ చెప్పాడు. వైద్యంలో ఆ పదానికి స్పష్టమైన అర్థముంది. మెదడు నుంచి వెన్నుపాము ద్వారా కండరాలను అదుపుచేసే నాడీమార్గం దెబ్బతిన్నప్పుడు కండరాలు బిగుసుకుంటాయి. ఎంత వేగంగా సాగదీస్తే అంత గట్టిగా ఎదురు తిరుగుతాయి. సెరిబ్రల్ పాల్సీలో ఎక్కువగా కనిపించే రకం ఇదే. అది కండరాల స్థితి, తెలివితేటలకు కొలమానం కాదు. బ్రిటన్‌లో ఆ మాట బడిపిల్లల తిట్టుగా దిగజారడంతో 1952లో పుట్టిన స్పాస్టిక్స్ సొసైటీ 1994లో తన పేరును 'స్కోప్'గా మార్చుకుంది. భారతదేశంలో మాత్రం స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక వంటి సంస్థల పేరులో అది గౌరవంగానే నిలిచింది. ఒకే పదం ఒక దేశంలో రోగనిర్ధారణ, మరొక దేశంలో గాయం. తెలియక వాడానన్న మాట కాబట్టి నమ్మదగినదే.

అయితే ఆ క్షమాపణ ఒక్క పదం దగ్గరే ఆగింది. అదే పాటలో తప్పు రాసేవాణ్ణి 'మోరన్' కావద్దని హెచ్చరించడం, జన్యువారసత్వం నుంచే తప్పుకొమ్మనడం ఉన్నాయి. వాటిమీద అంత అలజడి రేగలేదు. 'మోరన్' పుట్టుకతో తిట్టు కాదు. 1910లో మనస్తత్వవేత్త హెన్రీ గోడార్డ్ గ్రీకుమాట నుంచి తయారుచేసిన వైద్యపదం. 1913లో ఆయన సహాయకులు ఎల్లిస్ ద్వీపంలో దిగిన వలసదారులకు బుద్ధిపరీక్షలు పెట్టి, వారిలో పెద్దభాగాన్ని మందబుద్ధుల కింద జమకట్టారు. భాష, అలవాట్లు పరాయివైన చోట ఇచ్చిన సమాధానాలు బుద్ధిలోపంగా నమోదయ్యాయి. ఇలాంటి వర్గీకరణల మీద ఆధారపడిన వర్జీనియా నిర్బంధ వంధ్యీకరణ చట్టాన్ని 1927లో బక్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. జన్యువారసత్వం నుంచి తప్పుకొమ్మన్నది ఒకప్పుడు హాస్యం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు.

పాడేవాడు కవి కాదనీ, అతిగా రెచ్చిపోయే ఒక ఛాందసుడి పాత్ర అనీ, నవ్వు అతని మీదేననీ సమర్థించవచ్చు. తప్పు రాసినవాడి నెత్తిన గునపంతో కొట్టాలనిపిస్తుందనేంత అతిశయోక్తి, చివరలో అతని నోటే దొర్లిన చీలిన ఇన్ఫినిటివ్ ఈ వాదానికి బలమిస్తాయి. కానీ 'ఫాయిల్', 'ట్యాకీ' పాటలలోని గొంతులకు భిన్నంగా ఈ గొంతు చెప్పే దిద్దుబాట్లు చాలావరకు సరైనవే. వక్త ఒప్పు అయినప్పుడు శ్రోత అతని పక్కన నిలబడతాడు, ఎదురుగా కాదు. అక్కడే వ్యంగ్యం పట్టు తప్పింది.

ఈ లోపం ఇంగ్లీషుకే పరిమితం కాదు. 'కుంటిసాకు', 'గుడ్డినమ్మకం', 'చెవిటివాడి ముందు శంఖం' అనకుండా తెలుగులో వాదించడం కష్టం. నత్తి లేనిదే హాస్యపాత్ర లేని సినిమాలు ఎన్నో. వాటిని నిషేధించడం వల్ల ఒరిగేది లేదు. మంచి పేరడీకి అటువంటి ఊతకర్ర అవసరం లేదని 'మిషన్ స్టేట్‌మెంట్' చూపుతుంది. అందులో ఎవరి శరీరమూ, ఎవరి పుట్టుకా నవ్వుకు గురికావు. గురి అయ్యేది అధికారం మాట్లాడే భాష. ఆ పాటా 'వర్డ్ క్రైమ్స్' ఒకే ఆల్బమ్‌లో ఉన్నాయి. పేరడీ ఎంత దూరం పోగలదో మొదటిది చెబితే, ఎక్కడ కాలు జారుతుందో రెండవది చెబుతుంది.